బీడీలు చుట్టు తల్లులు: కూలివారా, గుత్తదారులా?

మన ధర్మపురి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములయందు బీడీలు చుట్టు స్త్రీలు అనేకులు కలరు. మన విద్యార్థుల తల్లులును వారిలో నుందురు. వారు టేకేదారునొద్ద తునికాకు, తంబాకు, దారము తెచ్చుకొని, ఇంట చుట్టి, వేయింటికి ఇంతయని కూలి పొందుదురు. ఇంట పనిచేయుదురు గనుక వీరు తమ పనివారు కారనియు, స్వతంత్రులగు గుత్తదారులనియు యజమానులు పూర్వము న్యాయస్థానములలో వాదించిరి.

ఈ పేరు వలన నష్టమేమని కొందరడుగుదురు. గుత్తదారుడు సరకు తానే కొని, ధర తానే చెప్పి, లాభము తానే తీసికొనును. ఈ తల్లికో, సరకు ఒకరిది, ధర ఒకరిది. బాగులేవని బీడీలను త్రోసివేసినచో ఆ కూలి పోవును. ఆకు చాలనిచో తన పైకముతో కొనవలసి వచ్చును. పైగా గుత్తదారు అనిపించుకొన్నచో, కూలితోడి సెలవును, భవిష్యనిధిలో యజమాని చెల్లింపవలసిన భాగమును ఆమెకు దక్కవు.

1966వ సంవత్సరపు బీడీ, సిగారు కార్మికుల చట్టము ఇంట చుట్టువారిని గూడ కార్మికులలో చేర్చి, 20 దినముల పనికి 1 దినము చొప్పున కూలితో సెలవు నిర్ణయించెను. అనగా 240 దినములు చుట్టినవారికి 12 దినముల కూలి. 1974లో సుప్రీముకోర్టు ఆ చట్టమును నిలిపెను. బీడీలను త్రోసివేయు హక్కే పనిపై యజమానికిగల అధికారమునకు గుర్తని చెప్పి, 1985లో భవిష్యనిధియు ఇంట చుట్టువారికి చెందునని తీర్పు చెప్పెను.

విద్యార్థులారా! మీ తల్లి లెక్కపుస్తకమును నేడే తెరచి చూడుడు. చుట్టినవెన్ని, త్రోసివేసినవెన్ని, నిధికి జమయైనదెంత? చదివిన చదువునకు ఇంతకంటె మంచి ఉపయోగము మేమెరుగము.