పూడిక తీస్తే సరిపోతుందా?

తుంగభద్ర డ్యామ్‌లో 1953లో నీళ్లు నిలిపినప్పుడు 133 టీఎంసీలు పట్టేవి. ఇప్పుడు పట్టేది సుమారు 105. మిగతా చోటును ఒండ్రుమట్టి ఆక్రమించింది. వానలు మొహం చాటేసిన ప్రతిసారీ ‘పూడిక తీయించరేం’ అన్న ప్రశ్న లేస్తుంది. న్యాయమైన ప్రశ్నే, కానీ ముందు లెక్క చూడాలి. ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు. పది ఘనపు మీటర్లు పట్టే టిప్పర్లతో రోజుకు వెయ్యి ట్రిప్పులు తోలినా, ఆ ఒక్క టీఎంసీ మట్టి కదలడానికి దాదాపు ఎనిమిదేళ్లు కావాలి. ఈలోగా ప్రతి వరదా కొత్త మట్టి తెచ్చి పోస్తూనే ఉంటుంది. పోయిన చోటుకు బదులుగా నవలి దగ్గర మరో జలాశయం కట్టాలని కర్ణాటక ప్రతిపాదించింది ఊరికే కాదు.

ఊళ్లకు తాగునీరిచ్చే జలాశయాలు చాలావరకు అంత పెద్దవి కావు, వాటిలోనైనా తవ్వొచ్చు కదా అనవచ్చు. తవ్వొచ్చు. కాకపోతే అక్కడ చిక్కు వేరు. ఊరికి నీళ్లు ఆపి అడుగు ఎండబెట్టే వీలుండదు కాబట్టి, నీళ్ల మీద తేలే డ్రెడ్జర్‌తో బురదను పీల్చి గొట్టాల ద్వారా ఒడ్డుకు పంపాలి. అలా వచ్చేదాంట్లో మట్టి కన్నా నీళ్లే ఎక్కువ. అది తేరుకోవడానికి విశాలమైన మడులు కావాలి, ఆరిన మట్టి పోయడానికి ఇంకో చోటు చూడాలి. అడుగు కదిలితే నీరు మడ్డిగా మారుతుంది. ఏళ్ల తరబడి అడుగున ఉన్న ఇనుము, మాంగనీసు పైకి లేస్తాయి. ఆ భారమంతా శుద్ధి కేంద్రం మీద పడుతుంది. రైతులే తోలుకుపోతారు కదా అంటే, మిషన్ కాకతీయలో చెరువు మట్టి పొలాలకు చేరిన మాట నిజమే. కానీ చెరువు వేసవిలో ఎండుతుంది, పొలం పక్కనే ఉంటుంది. నగరపు మురుగు కలిసిన జలాశయం మట్టినైతే పరీక్ష చేయకుండా పొలానికి తోలకూడదు.

అమెరికాలోని డెన్వర్‌కు ఇది ఖరీదైన పాఠమైంది. ఆ నగరానికి వెళ్లే నీటిలో దాదాపు 80 శాతం స్ట్రాంటియా స్ప్రింగ్స్ అనే చిన్న జలాశయం మీదుగా పోతుంది. దాని సామర్థ్యం టీఎంసీలో మూడో వంతు. ఎగువ అడవిలో 1996లో ఒకసారి, 2002లో మరోసారి కార్చిచ్చు రేగింది. మట్టిని పట్టి ఉంచే చెట్టూ చేమా కాలిపోవడంతో ఆ తర్వాతి వానలకు కొండవాలు మన్నంతా జలాశయంలోకి దిగింది. పూడికతీతకు, నీటి శుద్ధికి, కొండవాలు బాగుచేయడానికి కలిపి నీటి సంస్థకు 2.7 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. ఆ తర్వాత 2010లో అటవీ శాఖతో కలిసి ఎగువ అడవిని సంరక్షించే పనికి 3.3 కోట్ల డాలర్లు కేటాయించారు. తాగునీటి సంస్థకు అడవితో ఏం పని అని అక్కడ ఇక ఎవరూ అడగలేరు.

అడవి ఎంత దట్టంగా ఉన్నా నది ఎంతో కొంత మట్టి తెస్తుంది, నిజమే. దానికి జపాన్‌లో కోబె నగరం వందేళ్ల కిందటే ఉపాయం చేసింది. 1900లో కట్టిన నునోబికి డ్యామ్‌కు 1908లో పక్కనుంచి సొరంగం తవ్వారు. వరద తెచ్చే ఇసుకా మట్టీ జలాశయంలోకి రాకుండా ఆ దారిన కిందికి పోతాయి. అన్ని చోట్లా కొండలు ఇందుకు అనువుగా ఉండవు. అడుగు తూములు తెరిచి బురదను వదలాలన్నా పాత డ్యామ్‌లు చాలావాటికి ఆ ఏర్పాటే లేదు. పైగా దిగువన చేపలు చస్తాయి, విలువైన నీరూ పోతుంది.

అందుకని పూడికతీత అసలే వద్దనడం లేదు. నీటిని తోడే బావి చుట్టూ మట్టి పేరుకుంటే తీయక తప్పదు. అయితే టెండర్ పిలిచేటప్పుడు ఎగువన మట్టికోతను ఆపే పనికీ అందులోనే డబ్బు కేటాయించాలి. బిల్లు టిప్పర్ ట్రిప్పులను బట్టి కాకుండా, పనికి ముందూ తర్వాతా జలాశయం లోతు కొలిచి, పెరిగిన సామర్థ్యాన్ని బట్టి చెల్లించాలి.