వరంగల్ ఎండకు ఓర్చే పన్నీరు గులాబీ

జనవరిలో వరంగల్ నర్సరీలకు వెళ్తే గులాబీలు కాలు కదలనివ్వవు. పసుపు, నారింజ, తెలుపు అంచున ఎరుపు, ఒక్కో పువ్వు అరచేయంత. కొని తెచ్చి ఇంటి ముందు జాగాలో పెడతాం. మార్చి దాకా బాగానే ఉంటుంది. ఏప్రిల్‌లో కొమ్మ చివర నల్లబడుతుంది, ఆ నలుపు మెల్లగా కిందికి దిగుతుంది, మే చివరికి మొక్క ఎండుపుల్ల అవుతుంది. చాలామంది తమ చేతికి గులాబీ అచ్చిరాలేదని ఊరుకుంటారు. నిజానికి పొరపాటు మొక్కను ఎంచుకోవడంలోనే జరిగిపోయింది. హన్మకొండలోనో కాశిబుగ్గలోనో గడప ముందు కాస్త మట్టి ఉండి, వాసన గల గులాబీ ఏడాది పొడవునా విడతలు విడతలుగా పూయాలని కోరుకునేవారు మొదట పెట్టవలసింది ఎడ్వర్డ్ గులాబీ.

మన దగ్గర పన్నీరు గులాబీ అనే పేరుతో పెంచేవాటిలో ఇదొకటి. కన్నౌజ్ అత్తర్లకు వాడే డమాస్క్ గులాబీని కూడా చాలాచోట్ల అదే పేరుతో పిలుస్తారు. కానీ అది చలి తగ్గే వేళ ఒక విడత విరగబూసి దాదాపు ఆగిపోతుంది. ఎడ్వర్డ్ అలా ఆగదు. ముదురు గులాబీ రంగు, రెండు మూడు అంగుళాల పువ్వు, గుబురుగా ఐదారు అడుగులు పెరిగే పొద.

దీని పుట్టుక తెలిస్తే స్వభావం కూడా తెలుస్తుంది. మడగాస్కర్‌కు తూర్పున ఉన్న రీయూనియన్ దీవిని ఒకప్పుడు బూర్బన్ అనేవారు. అక్కడి రైతులు పొలాల చుట్టూ రెండు రకాల గులాబీలతో కంచెలు వేసేవారు. ఒకటి మళ్లీ మళ్లీ పూసే చైనా గులాబీ, రెండోది గాఢమైన వాసన గల డమాస్క్. ఆ రెండూ వాటంతట అవే సంకరమై పుట్టిన మొక్క ఇది. 1817లో దీవికి వచ్చిన ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త బ్రెయోఁ దీన్ని గుర్తించాడు. 1819లో అతను పారిస్‌కు పంపిన గింజల నుంచి యూరప్‌లో బూర్బన్ గులాబీల వంశం మొదలైంది. ఉష్ణమండలపు కంచెలో, ఎవరూ సాకకుండా బతికిన మొక్క కాబట్టే మన ఎండ దీనికి కొత్త కాదు.

అడవి గులాబీల్లో వసంతం దాటగానే పూతను ఆపే జన్యువు ఒకటి పనిచేస్తుంది. చైనా తోటల్లో ఏనాడో ఆ జన్యువు మధ్యలో వేరే డీఎన్ఏ ముక్క వచ్చి చొరబడి దాన్ని పనికిరాకుండా చేసింది. శాస్త్రవేత్తలు 2012లో ఈ సంగతి తేల్చారు. ఆపే చెయ్యి లేకపోవడంతో చైనా గులాబీలోనూ, దాని బిడ్డ ఎడ్వర్డ్‌లోనూ కొత్తగా వచ్చిన ప్రతి చిగురూ చివర మొగ్గ తొడుగుతుంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే కింద చెప్పే కత్తిరింపు పని అంతా సులువుగా అర్థమవుతుంది: కొత్త చిగురు వస్తేనే పువ్వు.

ఇక వాసన. అది రేకుల్లో తయారయ్యే కొన్ని నూనెల కలయిక. జెరానియోల్, సిట్రొనెల్లోల్ ఎక్కువగా అత్తరులోకి పోతాయి. ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ అనేది మాత్రం నీళ్లలో కరుగుతుంది. బట్టీలో గులాబీలు కాచినప్పుడు ఆవిరి చల్లబడి దిగే నీటికి, అంటే పన్నీటికి, ఆ మెత్తని తీపి వాసన దానివల్లే వస్తుంది. ఈ నూనెలన్నీ వేడికి ఎగిరిపోయేవే. వరంగల్‌లో ఎనిమిదింటికే ఎండ చురుక్కుమంటుంది కాబట్టి పూజకైనా గుల్కందుకైనా పువ్వును పొద్దు పొడవకముందే కోయాలి. పదింటికి కోసిన పువ్వులో వాసన సగం గాలికి పోయి ఉంటుంది.

పెద్ద పూల హైబ్రిడ్ రకాలు చాలావరకు చల్లని దేశాల్లో, రంగు కోసం, పొడవాటి కాడ కోసం, కూజాలో ఎక్కువ రోజులు నిలవడం కోసం తయారైనవి. వాసనను అంతగా పట్టించుకోలేదు, వేడిని అసలే పట్టించుకోలేదు. ఆంధ్రప్రదేశ్ కేడర్‌లో ఐఏఎస్ అధికారిగా ఉండి, ఉద్యోగం ముందుగానే వదిలి కొడైకెనాల్‌లో గులాబీల పెంపకానికి జీవితాన్ని ఇచ్చిన ఎం.ఎస్. వీరరాఘవన్ దశాబ్దాలుగా చెబుతున్నది ఇదే. వెచ్చని దేశానికి వెచ్చని నేలలో పుట్టిన గులాబీల నుంచే కొత్త రకాలు రావాలని ఆయన మన దేశపు అడవి గులాబీలతో సంకరాలు చేశారు. ఆ కృషికి తగినంత గుర్తింపు తెలుగునాట రాలేదన్నది నా బాధ.

చోటు విషయానికొస్తే తూర్పు వైపు మంచిది. ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ఆరు గంటల ఎండ తగిలి, తర్వాత ఇంటి నీడ పడాలి. పడమటి గోడ పక్కన పెడితే పగలంతా కాగిన గోడ రాత్రి కూడా సెగ కక్కుతుంది, వేరుకు తీరిక దొరకదు.

నేల సంగతి నిదానంగా చూసుకోవాలి. కొత్త కాలనీల్లో ఇంటి ముందు ఉన్నది మట్టి కాదు, పునాదికి పోసిన మొరం, సిమెంటు పెచ్చులు. మూరెడు లోతు, మూరెడు వెడల్పు గుంత తీసి అదంతా బయట పారేయాలి. ఎర్ర చెల్క నేలైతే నీళ్లు నిలవవు, చెరువు పూడిక మట్టి కలపాలి. చెరువుల పూడిక తీసిన మిషన్ కాకతీయ పనులప్పుడు రైతులు ట్రాక్టర్లతో ఆ మట్టిని చెల్కలకు తోలుకున్నది అందుకే. నల్ల రేగడి అయితే దానికి విరుగుడు వేరు: వానాకాలంలో నీరు నిలిచి వేరు కుళ్లుతుంది కాబట్టి అడుగు ఎత్తు గట్టు పోసి దానిమీద నాటాలి. రెంటికీ బాగా మాగిన పశువుల ఎరువు రెండు తట్టలు, వేపపిండి రెండు గుప్పెళ్లు కావాలి. చెల్కల్లో చెదల బెడద ఉంటుంది, వేపపిండి దానికీ పనికొస్తుంది.

బోరు నీళ్లలో సున్నం పాలు ఎక్కువైన చోట లేత ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తాయి. నేలలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేకపోతోందన్నమాట. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం, పది రోజుల తేడాతో రెండు మూడుసార్లు సాయంత్రం ఆకులమీద చల్లితే పచ్చదనం తిరిగి వస్తుంది.

అసలు కత్తిరింపు సద్దుల బతుకమ్మ, దసరా అయిపోయాక, వానలు వెనక్కి తగ్గిన తర్వాత. ఎండిన కొమ్మలు, సన్నని పుల్లలు మొదలంటా తీసేసి, మిగిలినవాటిని మూడో వంతు తగ్గిస్తే చాలు. హైబ్రిడ్‌లకు చేసినట్టు మోకాలెత్తుకు నరికితే ఎడ్వర్డ్ అలుగుతుంది. కోసిన చోట నుంచి చిగుళ్లు వచ్చి సుమారు ఆరేడు వారాల్లో తొలి పూత వస్తుంది. ఆ పూలను కోసేటప్పుడు తలకాయ ఒక్కటే తుంచకుండా, ఐదు చిన్నాకులు గల ఆకు ఉన్న కణుపు దాకా కాడతో సహా కోయండి. అక్కడి కన్ను బలమైనది, అదే మళ్లీ పూసే కొమ్మ అవుతుంది. వాడిన పువ్వును వదిలేస్తే కాయ కడుతుంది, మొక్క బలమంతా గింజకు పోతుంది.

స్థలం తక్కువున్నవారికి ఇంకో ఉపాయం. కొమ్మ కొన మొగ్గ నుంచి ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగుతూ కింది కన్నులను అణచి ఉంచుతుంది. పొడవుగా సాగిన కొమ్మను మెల్లగా వంచి ప్రహరీ కడ్డీకి అడ్డంగా కడితే ఆ పెత్తనం సడలుతుంది. కొమ్మ పొడవునా కన్నులు విచ్చుకుని, కొనకు ఒక్క గుత్తి పూయవలసింది డజను చోట్ల పూస్తుంది. కోతలు లేని పని ఇది, అందరూ చేయదగ్గది.

మే నెలలో 44 డిగ్రీలు దాటే రోజుల్లో కత్తెర, ఎరువు రెండూ పక్కన పెట్టండి. ఆకులుంటేనే కాండానికి నీడ. తెల్లవారుజామున పాదు నిండా నీళ్లు, పైన వరిగడ్డి పరుపు, మొదలుకు మాత్రం జానెడు ఎడం. పూలు చిన్నవైనా కంగారు వద్దు. ఆకుల అడుగున ఎర్రనల్లి చేరితే నీటిని జోరుగా చిమ్మి కడిగేస్తే చాలావరకు పోతుంది.

మొక్క దొరకడం కష్టమేమీ కాదు. ఈ గులాబీ అంటు కట్టకుండానే సొంత వేరుమీద పెరుగుతుంది, ఎండకు పైభాగం పోయినా మొదలు నుంచి అదే రకం లేస్తుంది. పాత ఇళ్లలో పెంచేవారిని అడిగి, జూలైలో వానలు కుదురుకున్నాక పెన్సిలు లావు కొమ్మను జానెడు ముక్కలుగా కోసి, సగం దాకా ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి నీడన ఉంచండి. నెల, నెలన్నరలో వేరు పట్టుకుంటుంది. మొదటి రెండు మూడు మొగ్గలు గిల్లేసి మొక్కను గుబురు కానిచ్చి, దసరా నాటికి నేలలోకి మార్చుకోవచ్చు.