దమ్ము తగ్గిందని మందు మానవద్దు

చంద్లాపూర్ (సిద్దిపేట జిల్లా): వరి కోతలొచ్చాయంటే దమ్ము ఉన్నవారికి కంటి మీద కునుకుండదు. కోత మిషను లేపే దుమ్ము, కొయ్యకాలు కాల్చిన పొగ, గట్ల మీది వయ్యారిభామ పుప్పొడి... ఏ ఒక్కటి పడకపోయినా చాలు. నడిరాత్రి పిల్లికూతలు మొదలవుతాయి. మంచం మీద కూర్చునే తెల్లవార్చాలి. 2020లో గోదావరి నీరు చేరిన రంగనాయక సాగర్ ఒడ్డునున్న ఈ ఊళ్లో పొలం పని మానుకునేదెవరు? దుమ్ము తప్పించుకునేదెవరు?

గండం గడిచి ఊపిరి ఆడగానే మందు గూట్లోకి పోతుంది. ‘మంచిగనే ఉన్నప్పుడు మందెందుకు?’ అనుకుంటారు. చిక్కంతా అక్కడే ఉంది.

ఉబ్బసం మందులు రెండు రకాలు. సాల్బుటమాల్ వంటివి పీలిస్తే బిగుసుకున్న ఊపిరి గొట్టాలు నిమిషాల్లో సడలుతాయి. కాని లోపలి వాపు పోదు. రెండో రకం ఆ వాపును అణచి, దమ్ము రాకుండా కాపాడుతుంది. అయితే రోజూ వాడితేనే దాని గుణం తెలుస్తుంది.

ముందే వాడి దమ్మును ఆపవచ్చని ఇంగ్లండులో డాక్టర్ రోజర్ ఆల్టూన్యన్ తన ఒంటి మీదనే రుజువు చేశారు. ఆయనా ఉబ్బసం రోగే. పడని పదార్థాన్ని కావాలని పీల్చి, కొత్త మందులను పరీక్షించుకున్నారు. అలా 1965లో క్రోమోగ్లైకేట్ వెలుగు చూసింది.

ఇప్పుడు ఎక్కువగా వాడేవి బ్యుడెసొనైడ్ వంటి పీల్చే మందులు. పంపు అలవాటైపోతుందన్న భయం అక్కర్లేదు. మందు నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది కనుక కొద్ది మోతాదే సరిపోతుంది. పీల్చాక నీళ్లతో నోరు పుక్కిలించి ఉమ్మాలి. అలర్జీకి ఇచ్చే కీటోటిఫెన్ మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. వాటితో నిద్రమత్తు రావచ్చు.

మృగశిర కార్తెకు హైదరాబాద్‌లో బత్తిని కుటుంబం ఇచ్చే చేపమందుకు ఎందరో వెళతారు. 1845 నుంచి ఇస్తున్నామని ఆ కుటుంబం చెబుతుంది. అది ఉబ్బసాన్ని తగ్గిస్తుందని వైద్య పరీక్షల్లో తేలలేదు. నమ్మి వెళ్లినవారు కూడా రోజూ వాడే మందును మానకూడదు.

మోతాదు తగ్గించాలన్నా, ఆపాలన్నా డాక్టరే చెప్పాలి. మాట పెగలనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలిరంగుకు తిరిగినా తెల్లారే దాకా ఆగరాదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.