ఏడుగురి ఆటలో పరుగుల పిల్ల

చెడుగుడు తెలియని పల్లె మన సరిహద్దులో లేదు. వెంకటమ్మనహళ్లి వైపైనా, మడకశిర వైపైనా ఈ ఆట అందరికీ తెలిసినదే. అవతలి జట్టులోకి చొరబడడం, పట్టుకోబోయినవారిని విదిలించుకోవడం, పారిపోయేవారిని ఒడిసిపట్టడం ఇందులోని విద్యలు. ఇవే విద్యలు కావలసిన మరొక ఆట గురించీ, అందులో పేరు తెచ్చుకున్న ఒక అమ్మాయి గురించీ ఈ రోజు చెప్పుకుందాం.

ఆ ఆట రగ్బీ సెవెన్స్. జట్టుకు ఏడుగురు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దానిని చంకన పెట్టుకుని పరుగెత్తి, అవతలివారి చివరి గీత దాటాక నేలకు ఆనిస్తే 5 పాయింట్లు. దీనిని ట్రై అంటారు. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో అందించాలి. బంతి పట్టుకున్నవారిని భుజాల కిందుగా పట్టి పడవేయవచ్చు, మెడ జోలికి పోతే తప్పు.

ఆట రెండు భాగాలు, ఒక్కొక్కటి 7 నిమిషాలు. మైదానం మాత్రం 15 మంది ఆడే రగ్బీకి ఉన్నంత, అంటే దాదాపు 100 మీటర్ల పొడవు. అంత చోటును ఏడుగురే కాచుకోవాలి కనుక ఇక్కడ వేగానికి విలువ ఎక్కువ. పోటీలలో ఒకే రోజు రెండు మూడు ఆటలు ఆడవలసి వస్తుంది. 2016లో రియో ఒలింపిక్స్‌లో స్త్రీలకూ, పురుషులకూ ఈ ఆటను ప్రవేశపెట్టారు.

బీహారులోని బాఢ్ ప్రాంతానికి చెందిన స్వీటీ కుమారి మొదట పరుగుపందేల అమ్మాయి. ఆ పరుగే ఆమెను రగ్బీలోకి తెచ్చింది. 2019లో మహిళా రగ్బీ వార్తలను అందించే స్క్రమ్ క్వీన్స్ ఆమెను అంతర్జాతీయ యువ క్రీడాకారిణిగా ఎంపిక చేసింది. అదే ఏడాది మనీలాలో 15 మంది ఆడే పోటీలో మన మహిళల జట్టు సింగపూరును 21–19తో ఓడించింది. ఆ పద్ధతిలో భారత మహిళలకు అదే మొదటి అంతర్జాతీయ విజయం. ఆ జట్టులో స్వీటీ ఉంది. చివరలో గెలుపు తన్ను తన్నిన సుమిత్రా నాయక్ ఒడిశా అమ్మాయి.

ఇంతకీ ఈ ఆట కడుపు నింపుతుందా అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మోకాలు, భుజం దెబ్బతింటే నెలల తరబడి కూర్చోవాలి, ఆడే వయసు కూడా కొద్దికాలమే. అందుకే చదువు మాననివ్వకూడదు. అయితే 2020లో కేంద్ర ప్రభుత్వం క్రీడాకోటా ఉద్యోగాల జాబితాకు కొత్తగా చేర్చిన 20 ఆటలలో రగ్బీ ఒకటి. గుర్తింపు పొందిన పోటీలలో ఆడిన ధ్రువపత్రాలను భద్రపరచుకోవడం అవసరం.

పదో తరగతి దాటగానే చాలామంది ఆడపిల్లలకు మైదానం దూరమవుతుంది. ఊళ్లో రగ్బీ బంతి లేకపోవచ్చు. చెడుగుడు బరి ఉంది, పరుగెత్తే కాళ్లు ఉన్నాయి. ఆ పిల్లను మరో రెండేళ్లు మైదానంలో ఉండనిస్తే, ఏ ఆట ఆమెను పిలుస్తుందో అప్పుడు తెలుస్తుంది.