మిట్ట ఒక్కటే చాలలేదు

రాయలసీమలో మిట్ట అంటే ఎత్తు నేల. ఒంటిగా ఉన్న మిట్ట మీద ఊరు వెలిస్తే అది ఒంటిమిట్ట. పేరుకు అర్థం కావాలంటే ఇంతకుమించి అక్కర్లేదు. అయినా కడప నుంచి తిరుపతి పోయే దారిలోని ఈ ఊరి పేరు చెప్పగానే ఒంటుడు, మిట్టుడు అనే దొంగల కథ వస్తుంది. దారి కాచి దోచుకున్నవాళ్లు మారి, రాముడికి గుడి కట్టించారట. భాషాశాస్త్రం ముందు ఈ కథ నిలవదు, నిలవాల్సిన పనీ దానికి లేదు. మిట్ట నేల సంగతి చెబుతుంది. తప్పుదారి పట్టినవాడు వెనక్కి రాగలడా అన్న ప్రశ్నకు మాత్రం నిఘంటువులో జవాబు లేదు. మనిషికి కథ కావలసి వచ్చేది అక్కడే.

కోదండరాముడి గుడిలో సీతారామలక్ష్మణులు ముగ్గురూ ఒకే శిలలో ఉంటారు, పక్కన హనుమంతుడు ఉండడు. ఆయన రాముణ్ని కలవకముందు మూర్తులివి అంటారు. కల్యాణం పగలు కాక వెన్నెల రాత్రి జరుగుతుంది. పెళ్లి చూడలేకపోయానని చంద్రుడు మొరపెట్టుకున్నాడట. వాడుకకు భిన్నంగా ఏది కనిపించినా జనం ఊరుకోలేరు, దానికో కారణం అల్లుకుంటారు. వీటన్నిటిలో నాకు గట్టిగా తోచేది ఇమాంబేగ్ బావి కథ. మీ దేవుడు పిలిస్తే పలుకుతాడా అని నవాబు కొలువులోని ఆ అధికారి అడిగాడట. మనసుపెట్టి పిలిస్తే పలుకుతాడన్నారు. మూడుసార్లు పిలిచాడు, లోపలినుంచి 'ఓ' అని వినిపించింది. ఆయన గుడికి బావి తవ్వించాడు. బంగారు కిరీటం కాదు, బావి! వానకు మొగంవాచిన సీమలో కృతజ్ఞత నీళ్ల రూపంలోనే రావాలని ఈ కథ చెప్పినవాళ్లకు తెలుసు. బావికి ఇప్పటికీ ఆయన పేరే.

కట్టుకథలెందుకు, శాసనాలు చదివితే చాలదా అనేవాళ్లున్నారు. శాసనాలు చదవాల్సిందే. ఏది ఎప్పుడు జరిగిందో తేల్చే చోట కథకు సాక్ష్యం చెప్పే హక్కు లేదు. పోతన చెప్పుకున్న ఏకశిలానగరం ఓరుగల్లా, ఒంటిమిట్టా అని పండితులు ఏళ్ల తరబడి వాదులాడారు. ఓరుగల్లు సీమలోని బమ్మెరకే బలమెక్కువని నా అభిప్రాయం. కానీ ఆ తగాదాయే ఒక సంగతి చెబుతోంది. పన్ను లెక్కలు రాసిన కరణం మావాడంటే మావాడని ఏ రెండు ఊళ్లూ కొట్టుకోవు. భాగవతం రాసినవాడి కోసం కొట్టుకుంటాయి. రాష్ట్రం విడిపోయి భద్రాచలం తెలంగాణలో ఉండిపోయాక, 2015లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా తన శ్రీరామనవమికి ఒంటిమిట్టను వెతుక్కుంది. రాముడు లేని నవమి ప్రభుత్వానికీ కుదరలేదన్నమాట.

కథలు కూడు పెడతాయా అన్నది పాత ఎత్తిపొడుపు. ఒంటిమిట్టలో మాత్రం లెక్క వేరుగా తేలింది. వావిలికొలను సుబ్బారావు (1863–1936) వాల్మీకి రామాయణాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చి ఆంధ్రవాల్మీకి అనిపించుకున్నారు. ఆలనాపాలనా లేక గుడి పాడుబడితే, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో పాఠాలు చెప్పిన ఆ పండితుడే టెంకాయ చిప్ప పట్టుకుని ఊరూరా తిరిగి అడుక్కుని బాగుచేయించారు. ఇచ్చినవాళ్లకు ఆ రాముడెవరో ఒకరు చెప్పాల్సిన పనిలేదు. తరతరాలుగా విన్న కథ ముందే ఇంటింటికీ వెళ్లి ఉంది, చిప్ప దాని వెనకాల వెళ్లింది. ఆ చిప్ప మీద ఆయన ఒక శతకమే రాశారు.