స్కూటర్ మీద చేతులు భద్రం!

కార్తీకమాసం వచ్చిందంటే నంద్యాల చుట్టుపక్కల తెల్లారగట్లే సందడి మొదలవుతుంది. పొద్దుపొడుపు నుంచి పొద్దుగూకేలోగా నవనందుల్నీ చూసి రావాలని బయలుదేరేవారు, మహానంది కోనేట్లో మునిగి తడిజుట్టుతోనే ఇంటిముఖం పట్టేవారు... ఒకప్పుడు వీళ్లందరికీ బస్సో జీపో దిక్కు. ఇప్పుడు అత్తగారిని వెనక కూర్చోబెట్టుకుని కోడలే స్కూటర్ నడిపేస్తోంది! ఆళ్లగడ్డలోనూ అంతే. పిల్లల్ని బడిలో దింపాలన్నా, కూరగాయలు తేవాలన్నా, ధనుర్మాసంలో చీకటితో గుడికి పోవాలన్నా స్కూటరే. అందులోనూ చప్పుడు చేయని ఎలక్ట్రిక్ స్కూటర్లు ఈమధ్య వీధివీధికీ కనిపిస్తున్నాయి.

"మనవైపు చలి ఏపాటిది, గ్లౌజులు కూడానా?" అంటారేమో. ఇంట్లో ఉన్నవాళ్లకు నిజంగానే ఏపాటిదీ కాదు. కానీ బండి కదిలాక గాలి ఒంట్లో వేడిని లాగేస్తుంది. ఒంటికి స్వెటర్ వేసుకుంటాం, చెవులకు స్కార్ఫు చుట్టుకుంటాం. గాలికి ఎదురుగా అందరికన్నా ముందుండే చేతుల్ని మాత్రం అలాగే వదిలేస్తాం. పది నిమిషాలకల్లా వేళ్లు కొంకర్లు పోతాయి. ఈ గేర్లు లేని బండ్లకు సాధారణంగా రెండు బ్రేకులూ చేతికిందే ఉంటాయి, కాలి బ్రేకు ఉండదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. వేళ్లు ఒక్క సెకను ఆలస్యంగా వంగాయంటే ఎంత దూరం పోతామో చూడండి!

సరే, గ్లౌజులు కొందామనుకుని ఏం చేస్తాం? రోడ్డు పక్కన రంగురంగుల ఉన్నివి కనిపిస్తే ఓ జత తెచ్చుకుంటాం. అవి బండికి పనికిరావు. అల్లికలోంచి గాలి దూరుతుంది, రబ్బరు పిడి మీద జారుతుంది, కింద పడితే ఒక్క రాపిడికే చిరుగుతుంది. ఎండకు నల్లబడకుండా మోచేతిదాకా తొడిగే కాటన్‌వీ అంతే. అవి ఎండకు మంచివే, రోడ్డుకు కాదు. అనుమానముంటే ఒక పాత కాటన్ గ్లౌజును గరుకు సిమెంటు గచ్చు మీద గట్టిగా పదిసార్లు రుద్ది చూడండి.

పడితే ముందు ఆనేది ఏది?

మనిషి ముందుకు పడబోతే చెయ్యి తనంతట తనే చాచుకుంటుంది. ఆపుదామన్నా ఆగదు. నేలకు ముందు తగిలేది మణికట్టు దగ్గర అరచేతిలో దళసరిగా ఉండే భాగం, అంటే జొన్నరొట్టె పిండిని మనం అదిమి పిసికే చోటు. శీతాకాలం మన రోడ్లు ఎలా ఉంటాయో చెప్పాలా? ట్రాక్టర్ చక్రాలు మోసుకొచ్చిన నల్లరేగడి మట్టి మంచుకు తడిసి జారుతుంది. కోతల రోజుల్లో రోడ్డు అంచున ధాన్యం ఆరబోస్తారు. దాని మీదికి చక్రం ఎక్కిందా, బ్రేకు పట్టుకున్నా నిలవదు.

అలా చెయ్యి ఆనించి పడినప్పుడు మణికట్టు పైన ఎముక విరగడాన్ని కోలీస్ ఫ్రాక్చర్ అంటారు. ఎక్స్‌రే పుట్టడానికి 81 ఏళ్లు ముందే, 1814లో, డబ్లిన్‌లోని అబ్రహాం కోలీస్ అనే సర్జన్ దీన్ని వర్ణించాడు. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో ఎముకలు పలచబడతాయి గనుక వాళ్లకు ఇది ఎక్కువ. కట్టు కడితే మామూలుగా ఆరు వారాలు. ఆరు వారాలు రొట్టె తట్టడం లేదు, సంగటి కెలకడం లేదు, జడ వేసుకోవడానికి కూడా ఇంకొకరు కావాలి!

ఇంకొకటుంది. బొటనవేలు పైకెత్తితే దాని మొదట్లో చిన్న గుంట పడుతుంది చూడండి. పడ్డ తర్వాత అక్కడ నొక్కితే నొప్పి పుడితే బెణుకని నూనె మర్దనా చేయకండి. ఆ గుంటలో ఉండే చిన్న ఎముకకు రక్తప్రసారం తక్కువ, విరిగితే సరిగ్గా అతకదు. మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు కూడా, పది పధ్నాలుగు రోజులకు మళ్లీ తీయించాల్సి వస్తుంది. పుత్తూరు కట్టు మీద నమ్మకమున్నవారైనా ముందు ఎక్స్‌రే తీయించుకోవడం మేలు.

కొనేటప్పుడు

గ్లౌజులో అన్నిటికన్నా ముందు చూడాల్సింది అరచెయ్యి. అక్కడ తోలు గానీ గట్టి సింథటిక్ బట్ట గానీ రెండు పొరలుగా ఉండాలి. ఆ దళసరి భాగం మీద గట్టి ప్లాస్టిక్ బిళ్ల ఉంటే ఇంకా మంచిది. పడినప్పుడు చెయ్యి నేలకు పట్టుకుని ఆగిపోకుండా జారుతుంది, మణికట్టు మీద దెబ్బ తగ్గుతుంది. ఎముక విరగదని ఏ గ్లౌజూ హామీ ఇవ్వదు గానీ, చర్మం లేచిపోకుండా చాలావరకు కాపాడుతుంది. లోపలి చీటీ మీద 'ఈఎన్ 13594' అని ఉంటే అది యూరప్‌లో మోటారు సైకిల్ గ్లౌజులకు పెట్టిన పరీక్ష. పక్కన 1 ఉంటే మామూలు రక్షణ, 2 ఉంటే ఎక్కువ. 'కేపీ' అని ఉంటే వేళ్ల కణుపుల దగ్గర కూడా పరీక్షించారన్నమాట.

దుకాణాల్లో ఎక్కువగా మగవాళ్ల సైజులే ఉంటాయి. వదులుగా ఉన్నా సర్దుకుందాంలే అనుకోకండి. వేలి చివర ఖాళీగా మిగిలిన బట్ట బ్రేకులో చిక్కుకుంటుంది. టేపు తీసుకుని బొటనవేలు వదిలేసి అరచేతి చుట్టూ కొలుచుకుని వెళ్లండి. తొడుక్కుని పిడికిలి బిగించండి, మణికట్టు పట్టీ వేసి రెండో చేత్తో లాగండి. ఊడి వచ్చిందా, వద్దు. మరీ దళసరిదీ వద్దు. ఎలక్ట్రిక్ బండి కాస్త తిప్పితే చాలు, చప్పున దూకుతుంది. ఎంత తిప్పుతున్నామో చేతికి తెలియాలి. కొనేముందు సొంత బండి దగ్గరకే పోయి, తాళం తీసేసి, పిడి, బ్రేకు రెండూ పట్టి చూడడం ఉత్తమం.

మరి గాజులో? మట్టిగాజులు పగిలి మణికట్టు కోసుకుంటే ఇంకో గొడవ. వాటిని పైకి జరుపుకుని, పట్టీ వాటి కిందుగా బిగించుకోండి. ఉంగరాలు తీసి పర్సులో వేసుకోండి. వేలు వాచిందంటే ఉంగరాన్ని కత్తిరించాల్సిందే.

అమెరికాలో చదువుకునే పిల్లలకు

పచ్చళ్లు, పొడులతో పాటు సూట్‌కేసులో ఉన్ని గ్లౌజులు కూడా సర్ది పంపుతాం. అక్కడ కొందరు కుర్రాళ్లు కాలేజీకి ఎలక్ట్రిక్ స్కేట్‌బోర్డు మీద పోతారు. చక్రాల పలక మీద నిలబడి, చేతిలోని చిన్న రిమోట్‌తో వేగం పెంచడం, తగ్గించడం! దానికి పట్టుకునే పిడే లేదు, పడితే చేతులే ఆధారం. కాబట్టి వాళ్లకూ అరచేతి బిళ్ల ఉన్న గ్లౌజే కావాలి. పైపొర గాలి చొరనిదై ఉండాలి, రిమోట్ తిప్పే బొటనవేలి దగ్గర మాత్రం పలచన. మణికట్టు రక్షణ పట్టీ విడిగా దొరుకుతుంది. చక్రాల బూట్లతో ఆడి దెబ్బలు తగిలినవారి మీద అమెరికాలో చేసిన ఒక పరిశీలన 1996లో వెలువడింది. ఆ పట్టీ లేనివాళ్లకు మణికట్టు గాయాల అవకాశం దాదాపు పది రెట్లు ఎక్కువని అందులో తేలింది. ఫోన్‌లో అబ్బాయితో తిండి సంగతి అడిగాక ఇది కూడా అడగండి.

తోలు గ్లౌజుల్ని సబ్బునీళ్లలో నానబెట్టకండి, ఎండలో వేయకండి. తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరేస్తే చాలు. మెత్తబడాలని కొబ్బరినూనె రాస్తే పిడి మీద జారతాయి. చెమట వాసన రాకుండా లోపల పలచని కాటన్ గ్లౌజు వేసుకుంటే రోజూ దాన్నొక్కదాన్నే ఉతుక్కోవచ్చు. ఇదివరకు కొన్న ఉన్నివి పారేయక్కర్లేదు, కుంకుడు రసంలో పిండకుండా ఉతికి పెట్టుకోండి. తెల్లవారుజామున వాకిట్లో నడిచే అత్తగారికి పనికొస్తాయి.