వెతికితే దొరకని పేర్లు

ఎల్‌బీ నగర్ మెట్రో స్టేషన్‌లో దిగి దిల్‌సుఖ్‌నగర్ వైపు నడుస్తూ దుకాణాల బోర్డులు చదవండి. ఒకచోట ఎల్‌బీ నగర్, మరోచోట ఎల్బీనగర్, ఇంకోచోట ఎల్.బి.నగర్. పాత కాగితాలు తిరగేస్తే లాల్‌బహదూర్ నగర్. దారిన పోయే మనిషికి ఈ తేడాలతో పని లేదు. బస్సు కండక్టరుకూ లేదు. ఏ రూపంలో రాసినా ఊరు ఒక్కటే. కానీ గ్రంథాలయంలో బల్ల మీదకు కొత్తగా చేరిన కంప్యూటర్‌కు మాత్రం, ఎవరైనా నేర్పేదాకా, ఇవి నాలుగు వేర్వేరు ఊళ్లు.

గ్రంథాలయ సిబ్బంది కొత్త ఆన్‌లైన్ సాధనాలు నేర్చుకోవాలన్న మాట ఇప్పుడు తరచుగా వినిపిస్తోంది. ఆ మాట వెంట సాధారణంగా ఒక జాలి కూడా ఉంటుంది: పాపం పాతకాలం వాళ్లు, కార్డులకూ రిజిస్టర్లకూ అలవాటుపడ్డవాళ్లు, వీళ్లకు కంప్యూటర్ ఎప్పటికి వస్తుంది అని. ఈ జాలి తప్పని నా నమ్మకం. ఇక్కడ నేర్చుకోవలసిన వాళ్లు ఇద్దరు. మనిషి యంత్రాన్ని నేర్చుకోవాలి, యంత్రానికి మన పేర్లు నేర్పాలి. రెండో పని ఆ పాతకాలం వాళ్ల వల్లే అవుతుంది.

ముందు ఆ ఊరి పేరునే చూద్దాం. కంప్యూటర్ అక్షరాలను బొమ్మలుగా కాక, సంఖ్యలుగా దాచుకుంటుంది. ఏ అక్షరానికి ఏ సంఖ్య అన్నది యూనికోడ్ నిర్ణయిస్తుంది. 1991లో వచ్చిన తొలి వెర్షన్‌లోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. ‘ఎల్బీ’ అని రాస్తే లోపల అయిదు సంఖ్యలు ఉంటాయి: ఎ, ల, పొల్లు, బ, గుడి దీర్ఘం. ల కింద బ వత్తుగా దిగిపోతుంది. అలా దిగకుండా ‘ఎల్‌బీ’ అని విడిగా నిలబెట్టాలంటే పొల్లుకూ బకారానికీ నడుమ కంటికి కనబడని మరో సంకేతం ఉండాలి. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. వెడల్పు లేదు, ఉచ్చారణ లేదు, పక్క అక్షరాన్ని కలవనివ్వకపోవడమే దాని పని. దాంతో సంఖ్యలు ఆరవుతాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇలాంటివి రెండు దాగి ఉన్నాయి. కొన్ని టైపింగ్ సాధనాలు దీన్ని అడగకుండానే చేరుస్తాయి, కొన్ని చేర్చవు. అయిదు సంఖ్యల మాట, ఆరు సంఖ్యల మాట ఒకటేనని ముందుగా చెప్పి ఉంచకపోతే వెతుకులాట వట్టిచేతులతో తిరిగివస్తుంది. పుస్తకం బీరువాలోనే ఉంటుంది. తెర మీద మాత్రం ‘ఫలితాలు లేవు’ అని కనబడుతుంది.

ఇక మనిషి సంగతి. ఏ శాఖా గ్రంథాలయంలోనైనా ఇలాంటి సంభాషణ వినవచ్చు.

“సార్, దాశరథి గారి పుస్తకం ఉందా?”

“ఏ దాశరథి నాన్నా? అన్నదమ్ములిద్దరూ రాశారు. కవిత్వమా, నవలా?”

అన్న కృష్ణమాచార్య ‘అగ్నిధార’ కవి. తమ్ముడు రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నవలాకారుడు. ఇద్దరినీ పాఠకలోకం దాశరథి అనే అంటుంది. ఇరవై ఏళ్లు బల్ల వెనక కూర్చున్న మనిషికి ఈ ఎదురు ప్రశ్న అడగడం ఊపిరి తీసినంత సహజం. తాను చేస్తున్నది గ్రంథాలయ శాస్త్రంలో అతి కష్టమైన పనుల్లో ఒకటని ఆయనకు బహుశా ఎవరూ చెప్పి ఉండరు. ఒక పేరు ఎందరిని సూచిస్తుంది, ఒక మనిషికి ఎన్ని పేర్లు ఉన్నాయి అన్నది తేల్చి రాసి ఉంచే పట్టికను అథారిటీ ఫైలు అంటారు. శ్రీశ్రీ అంటే శ్రీరంగం శ్రీనివాసరావు, ఆరుద్ర అంటే భాగవతుల శంకరశాస్త్రి, చలం అంటే గుడిపాటి వెంకటచలం. ఇవన్నీ అందులో ఎక్కాలి. మన ఇంటిపేర్లు ముందు వస్తాయి. పడమటి పద్ధతిలో తయారైన ఫారం ‘చివరి పేరు’ ఏమిటని అడుగుతుంది. దాని మాట నమ్మి గుడిపాటిని పక్కకు నెట్టి వెంకటచలాన్ని ఇంటిపేరు చేస్తే ఆ రికార్డు పాఠకుడికి అందదు. భారత గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ పేరులోనైతే అసలు ఇంటిపేరే లేదు. శియాళి ఆయన ఊరు, రామామృత అన్నది తండ్రి పేరు.

దాశరథి చిక్కు ఇంతటితో తీరదు. పాఠకుల్లో చాలామంది ‘దాశరధి’ అని రాస్తారు. గ్రంథాలయాన్నే ‘గ్రంధాలయం’ అని రాసిన బోర్డులు మన ఊళ్లలో కొల్లలు. ‘దేవుళ్లు’ అని ఒకరు రాస్తే ‘దేవుళ్ళు’ అని ఇంకొకరు రాస్తారు, ఈ రెండింటిలో దేన్నీ తప్పనలేం. పాఠకుడు తప్పు రాశాడని పుస్తకం ఇవ్వకుండా పంపే గ్రంథపాలకుడు ఎక్కడా ఉండడు. యంత్రం మాత్రం నేర్పేదాకా అలాగే పంపుతుంది.

నేర్పడానికి దారి ఉంది. 1960ల్లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కేటలాగు కార్డును కంప్యూటర్ చదవగలిగే రూపంలోకి మార్చాలనుకుంది. ఆ పని భుజాన వేసుకున్న హెన్రియెట్ ఆవ్రమ్ గ్రంథాలయ శాస్త్రం చదువుకోలేదు, ఆమె ప్రోగ్రామర్. కార్డు మీద ప్రతి చుక్కకూ ప్రతి గీతకూ ఉన్న అర్థాన్ని కేటలాగు పనివాళ్ల దగ్గర నేర్చుకున్నాకే ఆమె మార్క్ అనే పద్ధతిని తీర్చిదిద్దింది. 1966లో దాన్ని కొన్ని గ్రంథాలయాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. మొదట నేర్చుకున్నది కంప్యూటర్ మనిషి, నేర్పింది గ్రంథాలయ మనిషి. మన శిక్షణ తరగతుల్లో ఈ వరుస తలకిందులు కావడం నన్ను చాలాకాలంగా బాధపెడుతున్న విషయం.

మార్క్‌లో ప్రతి సమాచారానికీ ఒక గది సంఖ్య ఉంటుంది. రచయితకు 100, పుస్తకం పేరుకు 245, ఆ పేరుకే ఉన్న ఇతర రూపాలకు 246. అథారిటీ రికార్డులో ‘ఈ రూపంలో వెతికినా ఇక్కడికే రావాలి’ అని చెప్పే గది 400. మన కళాశాలల్లో, గ్రంథాలయాల్లో వాడే కోహా అనే సాఫ్ట్‌వేర్ ఈ పద్ధతి మీదే నడుస్తుంది. కోహాను న్యూజిలాండ్‌లోని ఒక చిన్న ప్రాంతీయ గ్రంథాలయం కోసం 1999లో రాశారు, 2000 జనవరిలో అది వాడుకలోకి వచ్చింది. మావోరీ భాషలో ఆ మాటకు కానుక అని అర్థం. పేరుకు తగ్గట్టే ఎవరైనా ఉచితంగా తీసుకుని తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ తయారుచేసిన ఇ-గ్రంథాలయ మరో సాధనం. ఏది వాడినా గదులు ఖాళీగా ఉంటే ఫలితం శూన్యమే. కోహాలో 400 గదిని నింపడం ఒక్కటే సరిపోదు కూడా. ఆ ఇతర రూపాలను వెతుకులాటలో కలపమని సెట్టింగు మార్చాలి, ఆ తర్వాత సూచికను మళ్లీ తయారు చేయించాలి. తెలుగు వంటి లిపులకు సూచిక తయారీలో ఐసీయూ అనే పద్ధతిని ఎంచుకోవాలి. ఈ మూడు మాటలు తెలియక, రికార్డులన్నీ శ్రద్ధగా నింపి కూడా పుస్తకం దొరకడం లేదని నిరాశపడేవాళ్లు ఉంటారు.

పేర్లను పట్టించుకోకపోతే ఏమవుతుందో మన కళ్ల ముందే ఒక ఉదాహరణ ఉంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి పది లక్షల పుస్తకాలను స్కాన్ చేయాలన్న మహా సంకల్పానికి ముందు నిలిచారు. దాని భారతీయ శాఖ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. హైదరాబాద్‌లో ట్రిపుల్ ఐటీ అందులో పెద్ద స్కానింగ్ కేంద్రంగా పనిచేసింది. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం పుస్తకాలు కూడా అలా ఆన్‌లైన్‌కు చేరాయి. వేల తెలుగు పుస్తకాలు శిథిలం కాకముందే బొమ్మలుగా నిలిచాయంటే ఆ కృషికి చేతులెత్తి మొక్కాలి. కానీ వాటి పేర్లను రోమన్ లిపిలో, ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు. ఒకే రచయిత పేరులో దీర్ఘం ఒకచోట ఉంటుంది, ఇంకోచోట ఉండదు. ఒత్తు ఒకచోట పడుతుంది, మరోచోట ఎగిరిపోతుంది. కొన్నిచోట్ల పుస్తకం పేరే తారుమారు. ఇప్పుడు ఆ పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. అవసరమైనదాన్ని వెతికేవాళ్లు ఎక్కించిన మనిషి ఎలా రాసి ఉంటాడో ఊహించుకుంటూ స్పెల్లింగు మార్చి మార్చి ప్రయత్నించాలి. పుటలకు పుటలు స్కాన్ చేయడానికి యంత్రాలు దొరికాయి. పేరును సరిగ్గా రాసే గ్రంథాలయ మనిషికి మాత్రం ఆ వరుసలో చోటు దొరకలేదు.

మరి శిక్షణ ఎలా ఉండాలి? సాధారణంగా ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. ఒకరోజు కార్యశాల, ఇంగ్లీషులో స్లైడ్లు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం సర్టిఫికెట్. వారం తిరిగేసరికి లాగిన్ ఎక్కడ చేయాలో కూడా గుర్తుండదు. దీన్ని బద్ధకం అనడం అన్యాయం. మరపు నడకను జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లోనే కొలిచాడు. నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం మొదట్లోనే, చాలా వేగంగా జారిపోతుంది. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇంకొక సంగతి చూపించారు. ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. చదివి, పుస్తకం మూసి, గుర్తుచేసుకుని రాసినవాళ్లు వారం తర్వాత ముందుకొచ్చారు. కార్యశాల ముగిసిన సాయంత్రం అందరికీ అంతా వచ్చేసినట్టు ఎందుకు అనిపిస్తుందో, వారానికి ఎందుకు చెదిరిపోతుందో ఇక్కడ తెలుస్తుంది.

అదే 2006లో అమెరికాలోని షార్లట్ నగర ప్రజా గ్రంథాలయంలో హెలెన్ బ్లోవర్స్ వేరే దారి తొక్కింది. సిబ్బందికి ఇరవై మూడు చిన్న చిన్న పనులు ఇచ్చింది. తరగతి లేదు. ఎవరికి వీలైన వేళ వాళ్లు ఒక్కో సాధనాన్ని తెరిచి, వాడి, ఏం తెలిసిందో తమ మాటల్లో రాయాలి. అన్నీ పూర్తిచేసినవాళ్లకు పాటలు వినే ఎంపీ3 ప్లేయరు బహుమతి. ఆ నమూనాను తర్వాత ఎన్నో దేశాల గ్రంథాలయాలు అనుసరించాయి. అందులో నన్ను ఆకట్టుకున్నది బహుమతి కాదు, ‘తమ మాటల్లో రాయాలి’ అన్న నిబంధన. గుర్తుచేసుకుని రాయడమే నేర్పుతుందని ప్రయోగశాల చెప్పిన మాటకు అది ఆచరణ.

దాన్ని మన చోటికి తెచ్చుకుంటే ఇలా ఉండవచ్చు. రోజూ ఒక అరగంట, గ్రంథాలయం సద్దుమణిగిన వేళ. ఒక మామూలు రూళ్ల నోటుబుక్కు. పాఠకుడు వెతికి దొరక్క అడిగిన ప్రతి మాటనూ అతను టైపు చేసినట్టే అందులో రాయాలి, పక్కన సరైన రూపం రాయాలి. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ కేంద్రాల నుంచి, హాస్టళ్ల నుంచి వచ్చే పిల్లలు ఏ మాటలతో వెతుకుతారో ఆ నోటుబుక్కు నెల రోజుల్లో చెప్పేస్తుంది. ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీ దగ్గరా ఆ సమాచారం ఉండదు. ఆ పిల్లలకు పాత ప్రశ్నపత్రాలు, ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే జాతీయ డిజిటల్ గ్రంథాలయం, పరిశోధన సిద్ధాంత గ్రంథాలున్న శోధగంగ చూపించగలగాలి. అది ఒక వారంలో పట్టుబడే పని. పదిమంది వాడే కంప్యూటర్‌లో లాగౌట్ చేయించడం కూడా అందులోనే నేర్పాలి.

టైపింగ్ దగ్గర మాత్రం ఓపిక కావాలి. డీటీపీ రోజుల్లో అను ఫాంట్లతో పనిచేసిన వేళ్లకు ఆపిల్ కీబోర్డు వరుస అలవాటై ఉంటుంది. ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్‌కు మారమంటే ఆ వేళ్లు కొన్నాళ్లు మొరాయిస్తాయి. అనులో ఎక్కించిన పాత పుస్తకాల జాబితాలు ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని గుర్తులుగా కనబడతాయి. వాటిని పారేయకుండా యూనికోడ్‌లోకి మార్పించుకోవాలి. యేళ్ల శ్రమ అందులో ఉంది.

నోటుబుక్కులో మొదటి పేజీ నిండాక ఒక సాయంత్రం బల్ల వెనకుండే ఆ మనిషి కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. దాశరథి కృష్ణమాచార్య రికార్డు తెరిచి 400 గదిలో ‘దాశరధి’ అని ధకారంతో చేరుస్తాడు. రంగాచార్య రికార్డులోనూ అంతే. ‘చిల్లర దేవుళ్ళు’ 246లోకి వెళుతుంది. సూచిక తయారవడానికి కాసేపు పడుతుంది. మర్నాడు హాస్టల్ కుర్రవాడు తనకు వచ్చినట్టే, తప్పుగానే, ‘దాశరధి’ అని కొడతాడు. తెర మీద ఇద్దరు అన్నదమ్ములూ వస్తారు. అతను తలెత్తి బల్ల వైపు చూస్తాడు.

“సార్, వీళ్లిద్దరిలో ఎవరు?”

“కవిత్వమా నాన్నా, నవలా?”